భూ, జల పరిరక్షణ నిధి (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో పార్కులు, ఆటస్థలాలు, ఖాళీ స్థలాల సేకరణకూ అభివృద్ధికీ ఉద్దేశించిన కేంద్ర ప్రభుత్వ నిధి. 1964లో చేసిన చట్టం 1965 నుంచి అమల్లోకి వచ్చింది. దీనికి ప్రధాన ఆధారం సాధారణ పన్నులు కాదు, సముద్రగర్భంలోని చమురు, సహజవాయువుల మీద ప్రభుత్వానికి వచ్చే ఆదాయం. తరిగిపోయే సంపద నుంచి వచ్చిన సొమ్మును నిలిచే సంపదగా మార్చాలన్నది ఇందులోని ఆలోచన. అయితే ఆదాయ మార్గం చూపినంత మాత్రాన నిధులు చేరవని దీని చరిత్ర రుజువు చేస్తుంది. ఏటా 90 కోట్ల డాలర్ల వరకు జమకు అవకాశమున్నా, ఖర్చుకు కాంగ్రెస్ విడిగా ఆమోదించాల్సి రావడంతో దశాబ్దాలపాటు అందులో కొంతే విడుదలైంది. 2019లో నిధిని శాశ్వతం చేశారు. ఏటా పూర్తి మొత్తం కేటాయించాలన్న నిబంధన 2020లో గాని రాలేదు.

స్థానిక పార్కులకు ఇచ్చే గ్రాంట్లలో సాధారణంగా సగం ఖర్చును రాష్ట్రం లేదా స్థానిక సంస్థ భరించాలి. ఇది పేద పట్టణాలకు భారమన్న విమర్శ సబబే. రోజువారీ నిర్వహణ ఖర్చు స్థానిక సంస్థలదే కావడం ఆ భారాన్ని పెంచుతుంది. పార్కుగా ముద్రపడిన భూమి భవిష్యత్ అవసరాలకు అందకుండా పోతుందన్న అభ్యంతరం మాత్రం నిలవదు. అలాంటి స్థలాన్ని వేరే పనికి మళ్లించవచ్చు. కాకపోతే కేంద్రం అనుమతితో, కనీసం అంతే విలువ, అంతే ఉపయోగం గల మరో స్థలాన్ని బదులు చూపాలి. ప్రజాధనంతో కొన్న ఖాళీ స్థలాన్ని కాపాడేది గ్రాంటు మొత్తం కన్నా ఈ షరతే.