యుద్ధ వస్తువులు - చారిత్రక ఆధారాలు: మైసూరు ఉదాహరణ

పాత కత్తో, ఫిరంగి గుండో కనబడితే ‘ఇది ఎంత ధర పలుకుతుంది?’ అని చాలామంది అడుగుతారు. చరిత్ర విద్యార్థిగా మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న వేరు: ‘ఇది ఎక్కడ, వేటితోపాటు దొరికింది?’ ఈ తేడాను రెండు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

నాలుగో మైసూరు యుద్ధంలో, 1799 మే 4న, శ్రీరంగపట్నం ఈస్టిండియా కంపెనీ సేనల వశమైంది. టిప్పు సుల్తాన్ పోరాడుతూ మరణించాడు. ఈ యుద్ధంలో హైదరాబాదు నిజాం సైన్యం కంపెనీ పక్షాన ఉందని గుర్తుంచుకోండి. కోటలోని సంపదను విజేతలు పంచుకున్నారు. టిప్పు పడకగది ఖడ్గాన్ని, కోటపై దాడికి నాయకత్వం వహించిన డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించారు. 2023 మే నెలలో లండన్ వేలంలో అది సుమారు 1.4 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. అది ఎవరి నుండి ఎవరికి చేరిందో తెలియడం వల్లనే దానికి అంత విలువ. కానీ మైసూరు సైన్యం ఎలా పోరాడిందో ఆ ధర చెప్పదు.

ఇప్పుడు రెండో ఉదాహరణ చూడండి. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో ఒక పాడుబడ్డ బావిని తవ్వినప్పుడు 1,000కి పైగా తుప్పుపట్టిన రాకెట్లు బయటపడ్డాయి. చూడడానికి అవి మామూలు ఇనుప గొట్టాలే. ఒక్కొక్కటీ విడివిడిగా పాత ఇనుము కింద అమ్ముడైపోయి ఉంటే వాటి వల్ల చరిత్రకు ఒరిగేదేమీ లేదు. అన్నీ ఒకేచోట దొరికినందువల్లనే మైసూరు పాలకులు రాకెట్లను పెద్ద సంఖ్యలో నిల్వ చేశారని తెలిసింది. ఇనుప గొట్టం ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది. అందుకే ఈ రాకెట్లు ఎక్కువ దూరం వెళ్ళేవి. బ్రిటన్‌లో విలియం కాంగ్రీవ్ రాకెట్ల రూపకల్పనకు మైసూరు రాకెట్లే ప్రేరణ.

అంటే, సేకరణ తప్పు కాదు; వివరాలు నమోదు చేయని సేకరణ ఆధారాన్ని నాశనం చేస్తుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం సాధారణంగా 100 సంవత్సరాలు దాటిన వస్తువులు పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయకూడదు.

మీ ఊరి చెరువు పూడికతీతలోనో, పునాది తవ్వకంలోనో ఇలాంటి వస్తువు బయటపడితే దాన్ని తోమి మెరిపించకండి. ఉన్నచోటనే ఉంచి ఫొటో తీయండి. స్థలం, లోతు, తేదీ రాసుకోండి. రెవెన్యూ అధికారులకు లేదా పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ నాలుగు వాక్యాలే రేపటి చరిత్రకారుడికి ఆధారమవుతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: టిప్పు ఖడ్గం, నగర రాకెట్లు - చరిత్ర రచనకు ఈ రెండూ ఏ విధంగా వేర్వేరుగా ఉపయోగపడతాయి?