పాత హైవోల్టేజ్ స్విచ్‌గేర్ (అనంతపురం పీఠభూమి)

సబ్‌స్టేషన్‌లో కరెంటును కలపడానికి, విడదీయడానికి, లైనులో లోపం వస్తే వెంటనే తెంచడానికి ఉండే బ్రేకర్లు, ఐసోలేటర్లు, ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్‌లు, లోపాన్ని పసిగట్టి ఆదేశమిచ్చే రిలేలు, వాటిని నడిపే బ్యాటరీలను కలిపి స్విచ్‌గేర్ అంటారు. 2022 ఏప్రిల్ 4 వరకు ఒకే జిల్లాగా ఉన్న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో దీని చరిత్ర బోరుబావుల చరిత్రతో పెనవేసుకుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలలో సేద్యం మోటారు మీద నిలబడింది. మోటారు ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైను) మీద, ఫీడరు బ్రేకరు మీద ఆధారపడ్డాయి.

పలుచని గ్రిడ్, బలపడిన గ్రిడ్

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. డ్యామ్ దగ్గర, హంపి దగ్గర కట్టిన రెండు జలవిద్యుత్ కేంద్రాల సామర్థ్యం కలిపి 72 మెగావాట్లు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి 1959 ఏప్రిల్ 1న ఏర్పడేనాటికి ఈ ప్రాంతానికి వచ్చే కరెంటు తక్కువ, లైన్లు పొడవు. అలాంటి చోట షార్ట్ సర్క్యూట్ అయినా ప్రవహించే కరెంటు మితంగానే ఉంటుంది కాబట్టి తక్కువ సామర్థ్యం గల బ్రేకరు సరిపోయేది.

ఆ తర్వాత గ్రిడ్ బలపడింది. గుత్తి, ఉరవకొండ, హిందూపురంలో 400 కేవీ సబ్‌స్టేషన్లు వచ్చాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ దేశ గ్రిడ్‌లో కలిసింది. 2016 నుంచి ఎన్‌పీ కుంట సోలార్ పార్కు కరెంటు ఇస్తోంది. దీని ప్రభావం చిన్న సబ్‌స్టేషన్ దాకా ఎలా వస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. 7 శాతం ఇంపెడెన్స్ ఉన్న 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఉంటే 11 కేవీ వైపు షార్ట్ సర్క్యూట్ స్థాయి సుమారు 70 ఎంవీఏ దాటదు. లోడు పెరిగిందని మూడు ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి ఒకే బస్‌బారు మీద కలిపి నడిపితే, వెనక గ్రిడ్ బలంగా ఉన్నచోట అది 210 ఎంవీఏ దాకా పోతుంది. అక్కడ 150 ఎంవీఏ నేమ్‌ప్లేటున్న పాత బ్రేకరు ఉంటే, అది చూపులకు కొత్తదానిలా ఉన్నా ప్రమాదకరమే. వయసు కన్నా ఈ పొంతన లేకపోవడమే పెద్ద ముప్పు. అయినా వయసు గురించి అడిగినంతగా దీని గురించి ఎవరూ అడగరు.

నూనె బ్రేకర్లు

మొదటి తరం పరికరాలు ఆయిల్ సర్క్యూట్ బ్రేకర్లు, వాడుకలో ఓసీబీలు. నూనెలో మునిగి ఉన్న కాంటాక్టులు విడిపోగానే మధ్యలో ఆర్క్ లేస్తుంది. ఆ వేడికి నూనె విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. వాటిలో ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత ఎసిటిలీన్, మీథేన్. హైడ్రోజన్ వేడిని వేగంగా లాగేస్తుంది కాబట్టి ఏసీ కరెంటు సున్నాకు చేరిన క్షణంలో ఆర్క్ ఆరిపోతుంది. ఆర్క్‌ను ఆర్పేది ఆ వాయువే, తొట్టిని పేల్చేదీ అదే. ఆర్క్ ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు నిలిస్తే ఒత్తిడికి తొట్టి చిట్లుతుంది, బయటికి చిమ్మిన వేడి నూనె తుంపర మంటవుతుంది.

ప్రతి ట్రిప్పుకూ నూనెలో కొంత మసి చేరుతుంది. అందుకే బీడీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజీ) పరీక్ష తప్పనిసరి. చిన్న పాత్రలో 2.5 మిల్లీమీటర్ల ఎడంతో రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి. బ్రేకరు అడుగు నుంచి తీసిన నూనె పోసి, బుడగలు తేలిపోయేదాకా ఆగి, నూనెను చీల్చుకుని నిప్పురవ్వ దూకేదాకా వోల్టేజీ మెల్లగా పెంచుతారు. ఇలా ఆరుసార్లు చేసి సగటు తీస్తారు. మసి, తేమ చేరిన నూనెలో రవ్వ త్వరగా దూకుతుంది. వ్యవసాయ ఫీడర్లకు విడతలవారీగా కరెంటు ఇచ్చే చోట బ్రేకరును రోజూ వేయాలి, తీయాలి. దానికి తోడు కాలిపోయే మోటార్లు, గాలివానకు ఒకదానికొకటి తగిలే తీగలు. ఏడాదికోసారి అని రాసిపెట్టిన ఓవర్‌హాల్ గడువు ఇలాంటి ఫీడరుకు చాలదు. ట్రిప్పుల లెక్కను బట్టి చేయాలి.

పాత ఓసీబీల్లో కొన్నిటిని హ్యాండిల్‌తో, మనిషి చేతి బలంతోనే మూయాలి. లైనులో లోపం ఇంకా ఉండగా మూస్తే షార్ట్ సర్క్యూట్ కరెంటు కాంటాక్టులను వెనక్కి నెడుతుంది, చెయ్యి తడబడుతుంది, ఆర్క్ నిలిచిపోతుంది. ఆ క్షణంలో ఆపరేటరు తొట్టి ముందే ఉంటాడు. బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్ఎస్ఈ ఇలాంటి పరికరాల గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. ఫీడరు ట్రిప్ కాగానే పంట ఎండిపోతోందని ఊళ్లనుంచి ఫోన్లు వస్తాయి. ‘ఒకసారి వేసి చూడు’ అనే మాట వినిపించేది అప్పుడే. లైను తిరిగి చూడకుండా బ్రేకరు వేయడమంటే ఆపరేటరు ప్రాణాన్ని పరీక్షకు పెట్టడమే.

కదలని మెకానిజం

వాక్యూమ్ బ్రేకర్లు (వీసీబీలు) వచ్చాక నూనె మంటల భయం తగ్గింది. కానీ కాంటాక్టులుండే సీసాలో శూన్యం పోయిందో లేదో కంటికి కనబడదు, హైవోల్టేజ్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పైగా అంతర్జాతీయ సంస్థ సిగ్రే సర్వేల్లో బ్రేకర్ల పెద్ద వైఫల్యాల్లో సుమారు సగం ఆపరేటింగ్ మెకానిజం నుంచే వచ్చినట్టు తేలింది. అనంతపురం ఎండకు, ఎర్ర దుమ్ముకు గ్రీజు గట్టిపడుతుంది. నెలల తరబడి కదలని బ్రేకరు, రిలే ఆదేశం ఇచ్చినా లాచ్ దగ్గర పట్టేస్తుంది. బ్యాటరీ బలహీనపడినా ఇదే ఫలితం: డీసీ లేకపోతే ట్రిప్ కాయిల్ పని చేయదు. సబ్‌స్టేషన్ తనిఖీకి వెళ్లినవారు బ్రేకరు కన్నా ముందు బ్యాటరీ గది చూడాలి.

ఎండిన నేల

ఈ పీఠభూమి ప్రత్యేక సమస్య నేలదే. పలుచని ఎర్రమట్టి, కింద రాయి. ఎండాకాలంలో ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయకపోతే నిరోధం పెరిగిపోతుంది, లోపం వచ్చినప్పుడు సబ్‌స్టేషన్ కంచె, స్విచ్ హ్యాండిల్ కూడా షాక్ కొట్టే స్థాయికి చేరవచ్చు. యార్డులో పరిచే కంకర కాళ్ల కింద కరెంటును అడ్డుకోవడానికే. గడ్డి, మట్టి కప్పేస్తే ఆ రక్షణ పోతుంది.

తెగిపడిన తీగ విషయంలో ఇది ఇంకా ఘోరం. ఇంచుమించు 11 కేవీ స్థాయి వోల్టేజీపై అమెరికాలో జరిపిన పరీక్షల్లో తీగ తడి గడ్డి మీద పడితే సుమారు 50 ఆంపియర్లు, పొడి ఇసుక మీద పడితే దాదాపు సున్నా ప్రవహించాయి. మామూలు ఎర్త్‌ఫాల్ట్ రిలేకు ఆ సున్నా కనబడదు. బ్రేకరు, రిలే రెండూ బాగున్నా తీగ కరెంటుతోనే పడి ఉంటుంది.

2022లో ఇక్కడ రెండు దుర్ఘటనలు జరిగాయి. జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర హైటెన్షన్ తీగ ఆటో మీద పడి, పనికి వెళ్తున్న ఐదుగురు మహిళలు సజీవదహనమయ్యారు. ఉడుత వల్ల షార్ట్ సర్క్యూట్ జరిగి తీగ తెగిందని అధికారులు చెప్పారు. నవంబరు 2న బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో తీగ ట్రాక్టరు మీద పడి నలుగురు మహిళా కూలీలు చనిపోయారు. తీగ ఎందుకు తెగిందన్న ప్రశ్నతో పాటు, తెగిన తీగలో కరెంటు ఎంతసేపట్లో ఆగాలి, ఏ రిలే ఆపాలి అన్న ప్రశ్ననూ ఇలాంటి ప్రతి విచారణలో అడగాలి.

ఎల్సీ, రికార్డులు

లైను మీద పనికి లైన్‌మన్ షిఫ్ట్ ఆపరేటరు నుంచి ఎల్సీ (లైన్ క్లియర్, అంటే పని అనుమతి) తీసుకుంటాడు. బ్రేకరు తీసి, ఏబీ స్విచ్ తెరిచి, పని జరిగే చోటికి రెండువైపులా డిశ్చార్జ్ రాడ్లు తగిలించాకే స్తంభం ఎక్కాలి. పాత ఏబీ స్విచ్‌లో హ్యాండిల్ కిందికి వచ్చినా మూడు బ్లేడుల్లో ఒకటి అతుక్కుని ఉండిపోవచ్చు. అందుకే హ్యాండిల్‌ను నమ్మకుండా మూడు బ్లేడులనూ తలెత్తి చూడాలి.

ఉదాహరణకు, 1985లో ఇక్కడ బిగించిన పంపిణీ బ్రేకరు యాజమాన్యం మూడుసార్లు మారింది: 1999 ఫిబ్రవరిలో మండలి నుంచి ట్రాన్స్‌కోకు, 2000 ఏప్రిల్‌లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కం (పంపిణీ సంస్థ)కు, 2014 విభజనతో తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్ డిస్కంకు. దాని ట్రిప్పుల లెక్క, నూనె మార్చిన తేదీలు, కాంటాక్టుల కొలతలు ఉన్న రిజిస్టరు కూడా వెంట రావాలి. అది లేకపోతే బ్రేకరు మిగిలిన ఆయుష్షును అంచనా వేయడానికి ఇంజనీరుకు ఆధారం ఉండదు. భద్రతా నిబంధనలు 1956 నాటి భారత విద్యుత్ నియమాల నుంచి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్లీ 2023లో తెచ్చిన వాటికి మారాయి. ప్రాణనష్టం జరిగితే విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు తెలపడం మాత్రం తప్పనిసరే.