పోస్టులో తిరిగిన మట్టి, మా ఇంటి పెరుగు

మూడేళ్ళ కిందట గొంతునొప్పికి వరసగా రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడాను. గొంతు బాగుపడింది కానీ దురద, తెల్లబట్ట మొదలయ్యాయి. పక్కింటావిడతో కూడా చెప్పుకోలేని బాధ కదా అది! మా తోడికోడలితో మాత్రం చెప్పాను. "పేగుల్లో ఈస్ట్ పెరిగిపోయిందక్కా. తీపి, పళ్ళు, ఇడ్లీ, పెరుగు అన్నీ మానెయ్" అంది. రెండు నెలలు మానేశాను. బరువు తగ్గుతుంటే పథ్యం పనిచేస్తోందని సంబరపడ్డాను. దురద మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది.

అసలీ ఈస్ట్ గొడవ ఎక్కడ మొదలైందా అని చదవబోతే ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు.

కాండిడా అనే ఈస్ట్ చాలామంది పేగుల్లో ఎప్పుడూ కొంచెం ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టేది అక్కడి మంచి బ్యాక్టీరియా. 1940ల్లో యాంటీబయాటిక్స్ వాడకం పెరిగాక, అవి జబ్బు చేసే బ్యాక్టీరియాతో పాటు ఈ కాపలావాళ్ళనీ చంపేసేవి. ఈస్ట్ విజృంభించేది. దానికి సరైన మందు లేదు.

న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజన్ న్యూయార్క్ నగరంలో, రేచెల్ బ్రౌన్ ఆల్బనీలో పనిచేసేవారు. హేజన్ రకరకాల చోట్ల మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్లో ఫంగస్‌ను చంపేవాటిని వెతికేది. దొరికినవాటిని సీసాల్లో పెట్టి పోస్టులో పంపితే, బ్రౌన్ అందులోని మందు పదార్థాన్ని వేరుచేసి మళ్ళీ పోస్టులోనే పంపేది. చివరికి 1948లో వర్జీనియాలో హేజన్ స్నేహితుల పాడి పొలం మట్టిలో కావలసింది దొరికింది. 1950లో లోకానికి చెప్పారు. తమ రాష్ట్రం పేరు కలిపి నిస్టాటిన్ అన్నారు. దానిమీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్ల రాయల్టీలో ఒక్క డాలరూ సొంతానికి ఉంచుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు.

తర్వాత కథ ఇంకో దారి పట్టింది. 1983లో విలియం క్రూక్ అనే అమెరికా డాక్టరు రాసిన పుస్తకంతో, నీరసం నుంచి దిగులు దాకా అన్నిటికీ ఈస్టే కారణమనీ, తీపి మానాలనీ ప్రచారమైంది. 1990లో అలాంటి బాధలున్న 42 మంది ఆడవాళ్ళ మీద నిస్టాటిన్‌ను పరీక్షించారు. యోని బాధలు తగ్గాయి కానీ, నీరసం, దిగులు లాంటివి ఉత్తుత్తి మందుతో తగ్గినంతే తగ్గాయి.

ఇది చదివాకే సిగ్గు విడిచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ముందు రక్తంలో షుగర్ చూసింది. బాగా ఎక్కువుంది! షుగర్ అదుపులో లేకపోతే ఈస్ట్ మళ్ళీ మళ్ళీ వస్తుందట. నేను పథ్యం వల్ల తగ్గాననుకున్న బరువు జబ్బు వల్ల తగ్గిందట.

ఇప్పుడు షుగర్‌కి మందు వేసుకుంటున్నాను. తీపి తగ్గించాను. ఆకుకూరలు, పప్పు, ఇంట్లో తోడేసిన పెరుగు మళ్ళీ తింటున్నాను. ఇడ్లీ కూడా అంతే, పిండిలో ఈస్ట్ ఉన్నా ఆవిరికి చచ్చిపోతుంది. దానికి భయపడి అన్నాళ్ళు నోరు కట్టుకున్నాను!

మీకూ ఈ బాధ పదేపదే వస్తుంటే పెరుగు మానకండి. ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.