అనుకూలన వికిరణం

ఒకే పూర్వీకుడి సంతతి కొత్త తావుకు చేరి, అక్కడ దొరికే వేర్వేరు తిండికీ నెలవులకూ తగ్గట్టు మారుతూ, భూచరిత్ర లెక్కలో కొద్దికాలంలోనే అనేక జాతులుగా చీలడాన్ని అనుకూలన వికిరణం అంటారు. ఈ పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా పురాజీవ శాస్త్రవేత్త హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్ (1902). పాఠ్యపుస్తకాలు గలపాగోస్ ఫించ్ పిట్టలనే చూపిస్తాయి గానీ, నెల్లూరు తీరానికి చుట్టరికమున్న ఉదాహరణ సిక్లిడ్ చేపలది.

తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది. ఆ తర్వాత అందులో దాదాపు 500 సిక్లిడ్ జాతులు ఏర్పడ్డాయి. మలావీ సరస్సులో ఇంకా ఎక్కువ. సిక్లిడ్‌కు గొంతులో రెండో దవడ ఉంటుంది. నమిలే పని అది చూసుకోవడంతో మూతి దవడలు పాచి గీకడానికో, నత్తలు ఏరడానికో, పిల్లచేపల్ని పట్టడానికో ఎటుపడితే అటు మారగలిగాయి. టాంగన్యీకా సరస్సులో పక్క చేపల పొలుసులు పీక్కుతినే రకం ఉంది. దాని మూతే వంకర: ఎడమకు వంగినవి ఎర కుడి పక్కనూ, కుడికి వంగినవి ఎడమ పక్కనూ కొరుకుతాయి. ఆడచేపలు రంగును బట్టి జోడు ఎంచుకోవడం జాతుల చీలికను ఇంకా వేగిరపరిచింది.

ఇదే సిక్లిడ్ కుటుంబానికి భారతదేశంలో సొంత జాతులు మూడే. వాటిలో రెండు పులికాట్ సరస్సులో ఉన్నాయి. కేరళవాళ్లు కరిమీన్ అని మురిసిపోయే చేప వాటిలో ఒకటి. మరి ఇక్కడెందుకు వందలు కాలేదు? పులికాట్ లోతు తక్కువ, ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వచ్చిపోతుంటుంది. నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పారే పెన్న వేసవిలో ఇసుకతిన్నెలు తేలి, వరదలో పొంగుతుంది. విడిగా, నిలకడగా వేల ఏళ్లు సాగే నెలవు దొరకదు. పైగా మన మంచినీళ్లలో పరిగెలు, జెల్లలు, కొర్రమీను, వాలుగ ముందే పాతుకుపోయి ఉన్నాయి. ఖాళీ జాగా, ఏకాంతం రెండూ లేనిచోట ఎంత సత్తా ఉన్న వంశమైనా విస్తరించడం కష్టమే. రెండో దవడ ఒక్కటే చాలదన్నమాట.

పులికాట్‌లో ఉన్న రెండు జాతులూ మాత్రం పొత్తు కుదుర్చుకున్నాయి: చిన్నది కరిమీన్ ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తింటుంది. 1952లో దేశానికి తెచ్చిన ఆఫ్రికా తిలాపియా కూడా సిక్లిడే. ఏది దొరికితే అది తినే ఆ చేప కొత్త జాతులుగా చీలకుండానే మన చెరువుల్లో నిండిపోయింది.