కల్లంలో కుప్ప, యూదుల కుప్పా

పేదల కోసం ఊరంతా కలిసి పోగుచేసే సొమ్ముకు యూదులు పెట్టుకున్న పేరు 'కుప్పా'. వాళ్ల హీబ్రూలో ఆ మాటకు బుట్ట అనో, పెట్టె అనో అర్థం. మన కుప్పకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు, ఉత్త కాకతాళీయం. ఆ సంగతి తెలిసి కూడా రెండు రోజులు ఆ మాటనే నోట్లో చప్పరిస్తూ తిరిగాను. జమ్మలమడుగు నల్లరేగడి మీద పుట్టినవాడికి కుప్ప అంటే కల్లం, కల్లం అంటే జొన్నలు, జొన్నలంటే వాటి చుట్టూ చేరే జనం. అక్కడెక్కడో ఇంకో జాతి కూడా పేదవాడి తిండికి ఇదే మాట పలుకుతోందంటే వెంటపడకుండా ఎట్లా ఉంటాం?

వెంటపడితే ఇంకో పాత్ర బయటపడింది. సుమారు 1800 ఏళ్ల కిందట కూర్చిన మిష్నా అనే ధర్మగ్రంథం, దాని మీద తర్వాత వచ్చిన తాల్ముదు కలిసి చెప్పే ఏర్పాట్లు రెండు. ఒకటి కుప్పా. అందులో డబ్బు పోగుచేసి వారానికొకసారి, శుక్రవారం నాడు పంచుతారు. రెండోది తమ్హూయ్, అంటే పళ్లెం. ఇంటింటా వండిన తిండి పోగుచేసి ఏ రోజుది ఆ రోజే పెట్టేస్తారు. రెండు పూటల తిండి ఉన్నవాడు పళ్లెం దగ్గరికి రాకూడదు, పద్నాలుగు పూటలకు ఉన్నవాడు కుప్పా దగ్గరికి రాకూడదు. కుప్పా వసూలుకు ఇద్దరు వెళ్లాలి, పంచడానికి ముగ్గురు కూర్చోవాలి. ఎవరికి ఎంత అని తేల్చడం తీర్పు చెప్పడంలాంటిది కాబట్టి, న్యాయస్థానంలో ఉన్నట్టే ముగ్గురట. నన్ను కట్టిపడేసిన తేడా మాత్రం వేరే ఉంది. కుప్పా ఆ ఊరి పేదలకే. పళ్లెం ఎవరొస్తే వాళ్లకు. మొదటిదాని దగ్గర 'నీది ఏ ఊరు?' అని అడుగుతారు, రెండోదాని దగ్గర అడగరు.

మా దగ్గరా ఈ రెండూ ఉండేవి. మా జేజినాయన కల్లం నాకు బాగా గుర్తు. పేడతో అలికిన నేల మీద ఎద్దులను బంతి కట్టి తోలేవాళ్లు. తూర్పార పట్టిన జొన్నలు కుప్ప పోశాక దాని చుట్టూ బూడిదతో గీత గీసేవాడు. కొలిచేదాకా ఎవరూ దాన్ని తాకకూడదు. మొదటి చేట దేవుడికి. తర్వాత మేర: కమ్మరికి, వడ్లాయనకు, కుమ్మరికి, చాకలికి, మంగలికి, మాలమాదిగలకు. మేర దానం కాదు, ఏడాదంతా చేసిన పనికి కూలి. దాన్ని దయ అనుకుంటే ఆ మనుషులను అవమానించినట్టే. అది అయ్యాక చేతులు చాచి నిలబడినవాళ్లకు, దాసరులకు, జంగాలకు, మొగుడు పోయిన ఆడవాళ్లకు కుప్ప అడుగు గింజలు. వాళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అందరూ మొహం తెలిసినవాళ్లే. ఇదీ మా కుప్పా.

ఇప్పుడు కోతమిషను మడిలోనే గింజను రాల్చి ట్రాక్టరులో పోస్తుంది, ట్రాక్టరు తిన్నగా మార్కెట్టుకు పోతుంది. కల్లం లేదు. చేతులు చాచేవాడు లేకుండా పోలేదు, అతను నిలబడటానికి చోటు లేకుండా పోయింది. కష్టం తగ్గింది కదా అని సంతోషించాలో, ఆ బూడిద గీత కోసం బాధపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. బాధే ఎక్కువగా ఉంది.

మరి మా పళ్లెం ఏది? సత్రం. ఈ మాట పుట్టుక ఇంకా చిత్రం. వేదకాలంలో సత్రం అంటే పన్నెండు రోజులకు తక్కువ కాకుండా సాగే సోమయాగం. మిగతా యాగాల్లో యజమాని ఒకడు, ఋత్విక్కులు వేరు, చివర్లో దక్షిణ. సత్రంలో అట్లా కాదు. కూర్చున్న ప్రతివాడూ యజమానే, ప్రతివాడూ ఋత్విక్కే. అందుకని దక్షిణ లేదు, ఎవరు ఎవరికిస్తారు? నైమిశారణ్యంలో శౌనకాది మునులు పన్నెండేళ్లు చేసింది ఇట్లాంటిదే. ఉగ్రశ్రవసుడు వచ్చి భారతం చెప్పింది అక్కడే. అంటే మన భారతం సత్రంలో విన్న కథ! డబ్బు చేతులు మారని చోటు అనే ఆ అర్థమే మెల్లగా అడవి వదిలి దారి పక్కకు వచ్చి ఉంటుందని నా ఊహ. గుప్తుల నాటి గఢ్వా శాసనాల్లో సత్రానికి దీనారాలు ఇచ్చినట్టు ఉంది. అప్పటికే యజ్ఞం పోయి అన్నం మిగిలింది.

అక్కడి నుంచి ఎనిమిది వందల ఏళ్లు ఒక్క గంతులో దాటుతున్నాను, ఎందుకంటే నాకు 1261 మీద మోజు.

ఆ ఏడు కాకతి రుద్రమదేవి వేయించిన మల్కాపురం శాసనం గుంటూరు సీమలో ఉంది. అందులో కనిపించే విశ్వేశ్వర శివాచార్యుడు గోళకీ మఠం గురువు. ఆ మఠం మూలం నర్మద ఒడ్డున డాహల దేశంలో, ఆయన పుట్టిందేమో గౌడదేశంలో. రుద్రమ తండ్రి గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు ఆయనే. గణపతిదేవుడు మందడం ఇస్తానన్నాడు, కూతురు దానికి వెలగపూడి కూడా కలిపి ఇచ్చింది. గురువు ఆ రెండు ఊళ్లతో గుడి ఒక్కటే కట్టుకుని ఊరుకోలేదు. మఠం, చదువుకునేవాళ్లకు వసతి, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ఏడు వందల అరవై ఏళ్ల కిందట, కానుపుల కోసం విడిగా ఒక శాల! వేదాలు చెప్పేందుకు ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమాలవంటి వాటికి ఐదుగురు. ఒక వైద్యుడు, లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. ఊరి కాపలాకు వీరభద్రులు. కంసాలి, కంచరి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మేదరి, మంగలి, అందరికీ భూమి. నాట్యకత్తెలకు, మద్దెలవాళ్లకు కూడా భూమి. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని రాతి మీద చెక్కించారు. ఈ కాలంలో ఇట్లాంటిదాన్ని సామాజిక సేవాసంస్థ అంటారు, బోర్డు కడతారు, వార్షిక నివేదిక అచ్చువేస్తారు. వాళ్ల నివేదిక రాయి, అంతే తేడా.

ఆ వెలగపూడి ఏదనుకున్నారు? 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ ఊళ్లోనే. పింఛను ఫైళ్లు, ఆసుపత్రి ఫైళ్లు, బడి భోజనం ఫైళ్లు అన్నీ కదిలేది ఆ నేల మీదే. అక్కడ కూర్చున్న గుమాస్తాల్లో ఎందరికి ఆ పాత కాయస్థుడు తెలుసో!

గోళకీ మఠం కొమ్మ ఒకటి మా కడప దగ్గర పుష్పగిరిలోనూ ఉండేది. పినాకిని ఒడ్డున ఆ గుళ్లు చూసేటప్పుడు నా చూపు శిల్పాల మీద నిలవదు, వంటశాల ఎక్కడ ఉండి ఉంటుందా అని వెతుకుతుంది. వంటశాలలు రాతితో కట్టరు కాబట్టి మిగలవు. చరిత్రలో మిగిలేది దేవుడి ఇల్లే, పొయ్యి కాదు.

విజయనగర రాజుల కాలం నుంచి ఒక్కటే చెబుతాను. బ్రహ్మంగారిమఠం నుంచి ఉత్తరానికి పోతే పోరుమామిళ్ల. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు. చెరువుకు ఏమేమి ఉండాలో, ఏ తప్పులు ఉండకూడదో కూడా అందులోనే. దాహం ముందు, ఆకలి తర్వాత అని తెలిసినవాడు.

ఇక మఠం. కందిమల్లయ్యపల్లె అనే ఊరు బ్రహ్మంగారి వల్ల పేరు మార్చుకుంది. సంప్రదాయం చెప్పే లెక్కలో ఆయన సజీవసమాధి 1693 వైశాఖ శుద్ధ దశమి. మల్కాపురంలో భూమి పుచ్చుకున్న కంసాలి, కమ్మరి, వడ్రంగి ఏ కులాలో, ఈయన పుట్టింది ఆ విశ్వబ్రాహ్మణుల్లోనే. పక్కనున్న ముడుమాల నుంచి వచ్చిన తురక పిల్లవాడు సిద్దయ్యను శిష్యుడిగా చేర్చుకున్నాడు, మాదిగ కక్కయ్యను చేర్చుకున్నాడు. జనం కాలజ్ఞానంలో ఏది జరిగింది, ఏది జరగబోతోంది అని లెక్కలు వేసుకుంటారు. నాకు మాత్రం ఆయన ఎవరిని పక్కన కూర్చోబెట్టుకున్నాడన్నదే పెద్ద వార్త.

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి కడప మీదుగానే అహోబిలం, శ్రీశైలం వెళ్లాడు. మజిలీ మజిలీకీ సత్రం ఉందా, నీళ్లున్నాయా, సామాన్లు దొరుకుతాయా అని రాసుకుంటూ పోయాడు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీ గనక సాక్ష్యం నమోదు చేసినట్టే ఉంటుంది. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేల మందికి గంజి పోశాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. రేనాటి పాటల్లో ఆయన గాదెలు ఇంకా ఉన్నాయి, పతకం గురించి అంత గొప్పగా ఎవరూ పాడరు.

మా కాలానికి వస్తే కాశినాయన. 1895లో నెల్లూరు జిల్లా బెడుసుపల్లెలో పుట్టి, 1995లో జ్యోతి క్షేత్రంలో దేహం విడిచిన అవధూత. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేని మనిషి పాడుపడిన గుడి కనిపిస్తే దాన్ని నిలబెట్టి, పక్కనే పొయ్యి వెలిగించేవాడు. అట్లా నల్లమల అంచున కడప, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా అన్నం పెట్టే చోట్లు పుట్టాయి. బియ్యం ఎక్కడివి అంటే, కల్లాలవి. పంట రాగానే రైతులు మూటలు కట్టి బండ్ల మీద తోలేవాళ్లు. కుప్ప నుంచి పళ్లేనికి దారి వేసింది ఆయనే అని నా లెక్క. ఇప్పుడు ఒక మండలానికే ఆయన పేరుంది. 2025 మార్చిలో జ్యోతి క్షేత్రంలో కొన్ని కట్టడాలను అటవీ శాఖ కూల్చినప్పుడు జనం అంతగా కదిలారంటే, మంత్రి నారా లోకేశ్ క్షమాపణ చెప్పి మళ్లీ కట్టిస్తామన్నారంటే, కారణం గోడలు కాదు.

నా ఫిర్యాదు ఇంకొకటి ఉంది. శ్రీశైలం వెళ్లి చూడండి. రెడ్ల సత్రం, కమ్మవారి సత్రం, వైశ్యుల సత్రం, బ్రాహ్మణుల కరివెన సత్రం. పుణ్యక్షేత్రాలన్నిటా ఇదే తంతు. గుమ్మంలో కూర్చున్న మనిషి మెల్లగా, మర్యాదగానే అడుగుతాడు, 'మీరేమోళ్లు?' రాతి మీద 'చండాలుడి దాకా' అని చెక్కుకున్న చోటి నుంచి ఏడు శతాబ్దాలు నడిచి ఇక్కడికి చేరాం. పళ్లెం అనుకున్నది మళ్లీ కుప్పా అయిపోయింది.

యూదుల కథ తిరగేసి నడిచింది. పందొమ్మిదో శతాబ్దం చివర రష్యా సామ్రాజ్యంలో దాడులకు తట్టుకోలేక న్యూయార్కు రేవులో దిగిన తమవాళ్ల కోసం అక్కడి యూదులు హయాస్ అనే సంస్థ పెట్టుకున్నారు. తిండి, పడక, పని. అచ్చం కులసత్రమే. ఈ రోజు ఆ సంస్థ ఆదుకునే శరణార్థుల్లో ఎక్కువమంది యూదులు కారు. అమెరికా ఊళ్లలో ఉండే యూదు కుటుంబ సేవాసంస్థలదీ అదే దారి. ముసలివాళ్ల ఇంటికి భోజనం, నిరుద్యోగికి పని, కాందిశీకుడికి అద్దె ఇల్లు చూసిపెడతారు, మతం అడగకుండా. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ తాము యూదులమని చెప్పుకునే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లను ఎప్పుడైనా కలిస్తే కుప్పా అంటే మీకు ముందు ఏది గుర్తొస్తుందని అడగాలి.

మొన్న బ్రహ్మంగారి ఆరాధన రోజులు దాటాక, జనం పలచబడ్డాక, ప్రొద్దుటూరు నుంచి నేనూ నా నూర్‌బాషా స్నేహితుడూ మఠానికి వెళ్లాం. బంతిలో కూర్చున్నాం. అన్నం, పప్పు, చారు, మజ్జిగ. వడ్డించే కుర్రాడు బకెట్టు ఆనించి 'ఇంకొంచెం ఎయ్యనా పెద్దాయనా?' అన్నాడు తప్ప ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుని బయటికొచ్చాక మా వాడు అన్నదానానికి ఐదొందలు రాయిస్తానన్నాడు. రసీదు పుస్తకం ముందున్నాయన పేరు రాసుకుని, కలం ఆపి, 'గోత్రం చెప్పన్నా' అన్నాడు.

మా వాడు నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను.

ఆయన తల ఎత్తకుండానే, 'తెలీకుంటే శివగోత్రమని రాస్తాలే. తెలీనోళ్లందరిదీ అదే' అని కాగితం చించి ఇచ్చాడు.