వైరస్ వ్యాధితో పిల్లి మరణించిన ఇంట కొత్త పిల్లిని పెంచడం

పెంపుడు పిల్లి వైరస్ వ్యాధితో మరణించిన తరువాత మరొక పిల్లిని తెచ్చుకొనేటప్పుడు, ఆ ఇంటిలో వ్యాధికారకం ఇంకా మిగిలి ఉన్నదా అనేది ముఖ్యమైన ప్రశ్న. దీనికి అన్ని వ్యాధులకు వర్తించే ఒకే సమాధానం లేదు. కొన్ని వైరస్‌లు శరీరం వెలుపల కొద్ది గంటలలోనే నశిస్తాయి. మరికొన్ని నెలల తరబడి నిలిచి ఉంటాయి. కనుక మొదటి పిల్లి ఏ వ్యాధితో మరణించిందో పశువైద్యుని ద్వారా తెలుసుకొనడం మొదటి మెట్టు.

పాన్‌ల్యూకోపీనియా

దీనిని పిల్లుల పార్వో వ్యాధి అని కూడా అంటారు. ఈ వైరస్ ప్రేగులలోని కణాలను, ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోవడం వలన వ్యాధికి ఈ పేరు వచ్చింది. జ్వరం, వాంతులు, విరేచనాలు, ఆహారం ముట్టకపోవడం దీని లక్షణాలు. టీకా వేయని పిల్లికూనలలో మరణాలు ఎక్కువ. కొన్ని కూనలు లక్షణాలు పూర్తిగా కనబడకముందే హఠాత్తుగా చనిపోతాయి. అప్పుడు ఎవరో విషం పెట్టారని యజమానులు పొరబడి, కొద్ది రోజులలోనే మరొక కూనను తెస్తారు. అదీ అదే వ్యాధికి బలి కావచ్చు. ఈ వ్యాధి మనుషులకు సోకదు.

ఈ వైరస్‌కు క్రొవ్వు పొర లేనందున సబ్బు, స్పిరిట్ దీనిపై అంతగా పనిచేయవు. ఇంటిలోపల ఇది ఒక సంవత్సరం వరకు కూడా జీవించగలదు. మలం అంటిన పాత్రలు, బట్టలు, చెప్పుల ద్వారా కూడా వ్యాపిస్తుంది. కోలుకొన్న పిల్లి మలంలో సుమారు ఆరు వారాల వరకు వైరస్ వెలువడవచ్చు.

ఇంటిని శుభ్రపరచడం

* చనిపోయిన పిల్లి పడుకొన్న గుడ్డలు, చాప, మలవిసర్జన తొట్టెను పారవేయడం మేలు.
* నేలను, పాత్రలను ముందుగా మురికి పోయేలా కడగాలి. మురికి ఉంటే బ్లీచ్ సరిగా పనిచేయదు.
* ఇంటి వాడకపు బ్లీచ్ (సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్) ఒక పాలు, నీరు 32 పాళ్ళు కలిపి, నేల కనీసం 10 నిమిషాలు తడిగా ఉండేలా పూయాలి. తరువాత మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.
* బ్లీచ్‌ను ఆమ్లంతో గాని, ఇతర శుభ్రపరచే ద్రవాలతో గాని కలపరాదు. విషవాయువు వెలువడుతుంది.
* మన ఇళ్ళలో వాడే ఫినాయిల్ వంటి ద్రవాలలోని ఫినాల్ పదార్థాలు పిల్లులకు విషం. వాటిని వాడరాదు.
* పెరటి మట్టిని పూర్తిగా శుద్ధిచేయడం సాధ్యం కాదు.

టీకాలు

శుభ్రపరచడం కంటే టీకా నమ్మకమైన రక్షణ. కూనలకు 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకు ఒకసారి చొప్పున, 16 వారాలు నిండేవరకు టీకా వేస్తారు. తల్లిపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు తొలి టీకాలను పనిచేయనీయకపోవచ్చు కనుక చివరి మోతాదును మానరాదు. పాన్‌ల్యూకోపీనియా వచ్చిన ఇంటికి, టీకాలు పూర్తయి కనీసం రెండు వారాలు గడచిన పిల్లినే తేవాలి. కూన కంటే టీకాలు వేసిన పెద్ద పిల్లి మేలు.

ఇతర వ్యాధులు

పిల్లుల ల్యూకీమియా వైరస్ ముఖ్యంగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ఇది పొడి వాతావరణంలో త్వరగా నశిస్తుంది. పిల్లుల ఎయిడ్స్‌గా పిలువబడే వ్యాధి వైరస్ ప్రధానంగా కాటు ద్వారా సోకుతుంది. ఈ రెండింటిలో ప్రమాదం ఇంటి నేల వలన కాక, ఇంటిలో మిగిలిన పిల్లుల వలన వస్తుంది. కనుక వాటికీ, కొత్త పిల్లికీ రక్తపరీక్ష చేయించాలి.

పిల్లుల అంటు పెరిటోనైటిస్‌కు మూలం కరోనా వైరస్. ఇది ఎండిన మలంలో కొన్ని వారాలు నిలుస్తుంది కనుక రెండు నెలలు ఆగడం మంచిది. పూర్వం ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకంగా ఉండేది. 2019లో ప్రచురితమైన పరిశోధన తరువాత దీనికి సమర్థమైన మందులు వాడుకలోకి వచ్చాయి.

ఎప్పుడు తేవాలి

ఇంటిలో వేరే పిల్లులుంటే కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచి, పాత్రలు కూడా వేరుగా వాడాలి. చనిపోయిన పిల్లిపై బెంగతో పిల్లలు వెంటనే మరొకటి కావాలని అడగడం సహజం. తగిన జాగ్రత్తలు పూర్తయ్యేవరకు ఆగితే, ఆ పసివారికి రెండవ దుఃఖం తప్పుతుంది.