టికీ బొమ్మ: స్వామ్యము ఎవరిది?

పసిఫిక్ మహాసముద్రములోని పోలినేషియా జాతులకు టికీ పూజ్యమైన పేరు. న్యూజీలాండు మావోరీల గాథలలో టికీ మొదటి మానవుడు. మార్కేసాస్ దీవులవారు దైవత్వము పొందిన పూర్వులను రాతను, కొయ్యను మలచి టికీలనిరి. పెద్ద కన్నులు, వెడల్పయిన నోరు, పొట్టపై ఆనించిన చేతులు వాని లక్షణములు. పూర్వుల పోలికను నిలుపుటయే ఆ శిల్పుల విద్య.

విదేశీయుల ఓడలతో వచ్చిన వ్యాధులకు మార్కేసాస్ జాతి క్షీణించి, 1920ల నాటికి సుమారు 2,000 మంది మిగిలిరి. వారి బొమ్మలు మాత్రము యూరపు, అమెరికా ప్రదర్శనశాలలకు చేరినవి.

1930లలో కాలిఫోర్నియాలో దక్షిణసముద్రపు అలంకారములతో పానశాలలు వెలసినవి. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో పోరాడి వచ్చిన సైనికులు వానిని ఆదరించిరి. 1956లో లెరాయ్ ష్మాల్ట్జ్, బాబ్ వాన్ ఊస్టింగ్ అను శిల్పులు స్థాపించిన ఓషియానిక్ ఆర్ట్స్ సంస్థ 2021 వరకు ఇట్టి కొయ్య బొమ్మలను అందించినది.

ఒక శిల్పి చెక్కిన టికీని పొరుగు శిల్పి అనుకరించినచో న్యాయమేమి? 1954లో అమెరికా సుప్రీంకోర్టు, మేజర్–స్టెయిన్ వ్యాజ్యమున, దీపపు పీఠములుగా వాడిన నర్తకుల ప్రతిమలకును కాపీరైటు కలదని తీర్పు చెప్పినది. అయితే 1909 నాటి చట్టము ననుసరించి ప్రచురించిన కృతిపై హక్కు సూచన ఉండవలెను; లేనిచో అది సాధారణముగా లోకులందరి సొత్తయ్యెడిది. 1989 మార్చి 1 నుండి ఆ నిర్బంధము తొలగినది.

చట్టము భావమును కాక, దానికి కర్త ఇచ్చిన రూపమునే కాపాడును. కావున టికీ ముఖమును ఎవరైనను చెక్కవచ్చును. శిల్పి తానుగా కల్పించిన కనుబొమల వంపును, గీతల కూర్పును అచ్చుగుద్దినట్లు దించుట మాత్రము హక్కుభంగము. ప్రాచీన శిల్పమును యథాతథముగా చెక్కినవాని కెంత శ్రమయైనను క్రొత్త హక్కు రాదు. శ్రమ కాదు, స్వకల్పనయే ప్రమాణమని 1991లో ఒక టెలిఫోను డైరెక్టరీ వ్యాజ్యమున అదే కోర్టు తేల్చినది.

ఇక మూలశిల్పి మాటయేమి? చట్టము కర్తను అడుగును, కాలపరిమితిని విధించును. తరతరముల ఉమ్మడి కళ ఈ రెంటికిని లొంగదు. ఈ లోటునే 1991లో మావోరీలు న్యూజీలాండులోని వైటాంగి ట్రిబ్యునల్ ముందుంచిరి. తమ కళారూపములపై తమ సంరక్షణాధికారమును గుర్తింపుమని కోరిరి. 2011 నివేదికలో ట్రిబ్యునల్, అవమానకరమైన వినియోగమును ఆక్షేపించుటకు మార్గముండవలెనని సూచించినది.

శిల్పి స్వకల్పనకు రక్షణ న్యాయమే యని మా అభిప్రాయము. కాని పొరుగువాని ఉలిపై వ్యాజ్యము వేయువాడు, తన ఉలి ఎవరి బొమ్మను చూచి కదలినదో చెప్పుటకు సంకోచింపరాదు.